అనుమానించడానికీ ఫీజా?

టూరిస్టులుగా రమ్మని పిలిచేదీ యూరప్, అమెరికా వాళ్లే. వచ్చాక ఉండిపోతావేమోనని గుమ్మంలో నిలదీసేదీ వాళ్లే. నిలదీసినందుకు డబ్బు కట్టాల్సింది మాత్రం మనం. 2024లో భారత్ నుంచి షెంజెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే) స్వల్పకాల వీసాలకు వెళ్లిన దరఖాస్తులు 11 లక్షల పైచిలుకు, అందులో తిరస్కరించినవి దాదాపు లక్షా 65 వేలు. అదే ఏడాది జూన్‌లో పెద్దల ఫీజును 80 యూరోల నుంచి 90కి పెంచారు. ఇప్పటి లెక్కన తొమ్మిది వేల రూపాయల పైమాటే. వీసా రాకపోతే అందులో పైసా వెనక్కి రాదు. అంటే ‘కుదరదు’ అనిపించుకోవడానికే మనవాళ్లు ఒక్క ఏడాదిలో వంద కోట్ల రూపాయలకు పైగా సమర్పించుకున్నారు. దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీలు, బీమా ప్రీమియం, కొరియర్ ఖర్చులు దీనికి అదనం.

తమ గడ్డ మీదికి ఎవరిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. టూరిస్టులుగా వెళ్లి మాయమైనవారూ, దొంగ స్టేట్‌మెంట్లు పుట్టించే ఏజెంట్లూ మన దగ్గర ఉన్నమాటా నిజమే. కానీ హక్కు వేరు, ఆ హక్కును గల్లాపెట్టె చేసుకోవడం వేరు.

ఒక మధ్యతరగతి దరఖాస్తుదారు ఫైలు తెరిచి చూడండి. నెలల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఆఫీసు నుంచి సెలవు లెటర్, రానుపోను టికెట్ రిజర్వేషన్, ఏ రోజు ఏ ఊళ్లో పడుకుంటారో హోటల్ బుకింగులు, 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా. ఎందుకైనా మంచిదని కొందరు ఇంటి దస్తావేజులూ, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులూ జత చేస్తారు. అకౌంట్లో నిల్వ తక్కువగా కనిపిస్తే తిరగడానికి డబ్బుల్లేవంటారు. బావమరిది దగ్గర లక్షన్నర చేబదులు తెచ్చి వేస్తే, ఇంత డబ్బు ఉన్నట్టుండి ఎక్కడిదంటారు. ఇన్ని కాగితాలు ఇచ్చి, పది వేళ్ల ముద్రలూ వేసి, పాస్‌పోర్టు వాళ్ల చేతిలో పెట్టి వారాల తరబడి టెన్షన్ పడ్డాక సీలు వేసిన కవరు వస్తుంది. లోపల అచ్చు వేసిన ఫారం, అందులో ఒక గడి పక్కన టిక్కు. గడువులోగా మీరు తిరిగి వెళ్తారన్న విషయంలో మాకు సహేతుకమైన సందేహాలున్నాయి అన్నది దాని సారాంశం. ఆ సందేహం ఏమిటో ఉండదు. ఇరవై ఏళ్ల ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు, ఇంట్లో మంచం పట్టిన తల్లి... వీటిలో ఏది చాలలేదో చెప్పే నాథుడుండడు. అప్పీలు చేసుకోవచ్చని ఆ ఫారంలోనే రాస్తారు. కాకపోతే ఆ దేశపు చట్టం ప్రకారం, ఆ దేశపు పద్ధతిలో చేసుకోవాలి. నాలుగు రోజుల విహారం కోసం పరాయి దేశంలో వ్యాజ్యం ఎవడు నడుపుతాడు? ఇంకో 90 యూరోలు కట్టి మళ్లీ క్యూలో నిలబడతాడు. గల్లాపెట్టె మళ్లీ గలగలలాడుతుంది.

ఇదే యూరప్ మన జేబుల కోసం చేసే మర్యాదలు చూడండి. హిందీ సినిమాల్లో తమ కొండల్ని చూపించి పర్యాటకుల్ని రప్పించినందుకు స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ పట్టణం 2016లో దర్శకుడు యశ్ చోప్రాకు ఏకంగా విగ్రహమే పెట్టింది. (మన తెలుగు హీరోలు ఆ మంచులో వేసిన స్టెప్పులకు విగ్రహాలు పెట్టాల్సి వస్తే అక్కడ చోటు చాలదు.) సినిమా చూసి టికెట్ కొనుక్కున్న ప్రేక్షకుడు అదే దేశపు వీసా కోసం వెళ్తే అనుమానితుడైపోతాడు. విగ్రహం నిజమా, అనుమానం నిజమా?

భారతీయులకు సడలింపులిచ్చామని 2024 ఏప్రిల్‌లో యూరప్ సంఘం చెప్పుకుంది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది. సంతోషమే. కానీ తిరస్కరణ దెబ్బ తగిలేది మొదటిసారి వెళ్లేవాడికి. వాడికి ఇందులో ఒరిగేదేమీ లేదు.

అమెరికా ఈ విషయంలో కనీసం దాపరికం పాటించదు. వాళ్ల వలస చట్టం సెక్షన్ 214(బి) ప్రకారం టూరిస్టు కూడా అక్కడే స్థిరపడటానికి వస్తున్నట్టే లెక్క. కాదని నిరూపించుకోవాల్సింది అతడే, అదీ కాన్సులేట్ ఇంటర్వ్యూ కిటికీ ముందు రెండు మూడు నిమిషాల్లో. ఆ నిమిషాల ఖరీదు 185 డాలర్లు, తిరిగిరాదు. 2022 చివర్లో మన దేశంలో ఆ ఇంటర్వ్యూ కోసం నిరీక్షణే రెండేళ్లు దాటింది. చాలదన్నట్టు 2025 జూలైలో చేసిన చట్టంలో వీసా వచ్చినవారి మీద మరో 250 డాలర్లు పెట్టి, దానికి ‘ఇంటెగ్రిటీ ఫీజు’ అని పేరు తగిలించారు. నిజాయతీకి రుసుమట!

మరి మనం? 2014లో మొదలుపెట్టిన ఈ-టూరిస్ట్ వీసాను విస్తరిస్తూ వచ్చాం. అమెరికన్లు, చాలామంది యూరోపియన్లు ఇప్పుడు ఇంట్లో సోఫాలోంచి లేవకుండానే వీసా తెచ్చుకుని తాజ్‌మహల్ చూసిపోతున్నారు. మన ఫీజూ వెనక్కి రాదు, నిజమే. అయితే వాళ్ల తల్లిదండ్రుల మంచాలూ, ఇంటి దస్తావేజులూ మనం అడగడం లేదు. ఆ మర్యాద వద్దని మేమనడం లేదు. దానికి బదులుగా ఏం అడిగారన్నదే ప్రశ్న. వాణిజ్య చర్చల్లో ఐటీ నిపుణుల వీసాల ప్రస్తావన వస్తుంది. సొంత డబ్బుతో పది రోజులు చూసి వచ్చేస్తానన్నవాడి ఊసు ఏది? తిరస్కరిస్తే ఫీజులో సగమైనా వెనక్కివ్వండి, కారణం ఒక్క వాక్యంలోనైనా రాయండి అని అడగడానికి మన విదేశాంగ శాఖకు నోరు ఎందుకు రావడం లేదు?

కారణం ఊహించడం కష్టం కాదు. మన ఎంపీలకు దక్కేది మెరూన్ రంగు దౌత్య పాస్‌పోర్టు. దాంతో జర్మనీ వెళ్లడానికి వీసాయే అక్కర్లేదు. నీలం రంగు పాస్‌పోర్టు పట్టుకుని, చంకలో ఫైలుతో తెల్లారకముందే క్యూలో నిలబడేవాళ్లు పన్నులు కట్టేవాళ్లు, ఓట్లేసేవాళ్లు. అడగాల్సినవారు ఒక్కసారి ఆ నీలం పాస్‌పోర్టుతో, సొంత బ్యాంకు స్టేట్‌మెంటుతో ఆ క్యూలో నిలబడి రండి. నోరు దానంతటదే వస్తుంది.