పోలికల పాఠం ‘కంటే’ దగ్గర మొదలుపెడదాం

ఇంగ్లీషు వ్యాకరణంలో పోలికలు నేర్పే డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ పాఠంలోంచి వాక్యాలు మార్చే అభ్యాసాన్ని ఎత్తేయాలని నా అభిప్రాయం. “రాము ఈజ్ ద టాలెస్ట్ బాయ్ ఇన్ ద క్లాస్” అని ఇచ్చి, దాన్నే కంపారిటివ్‌లో (‘కంటే’ అని పోల్చే రూపం) ఒకసారి, పాజిటివ్‌లో (విశేషణం మామూలు రూపం) ఒకసారి రాయమంటారే, అదే. జవాబులు మనలో చాలామందికి నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తాయి. “రాము ఈజ్ టాలర్ దాన్ ఎనీ అదర్ బాయ్”, “నో అదర్ బాయ్ ఈజ్ యాజ్ టాల్ యాజ్ రాము”. మార్కులూ పడ్డాయి. ఆ చివరి వాక్యాన్ని మామూలు మాటల్లో ఎన్నిసార్లు వాడి ఉంటాం? ఆ జవాబులు గడగడా అప్పజెప్పేవాళ్ళే నలుగురిలో మాట్లాడాల్సి వస్తే “దిస్ వన్ ఈజ్ మోర్ బెటర్” అంటారు. అభ్యాసం ఒక చోట, అవసరం ఇంకో చోట ఉండిపోయాయి.

అసలు ఆ మూడు వాక్యాలూ ఒకే మాట చెబుతాయన్న ఊహే సరికాదు. కొలతల వరకు తేడా లేదు నిజమే. కానీ “రాము రవికంటే పొడుగు” అన్నప్పుడు వాళ్ళిద్దరూ పొట్టివాళ్ళే అయినా ఇబ్బంది లేదు. “రవి రామంత పొడుగు కాదు” అన్నామంటే, రాము పొడుగని అందరికీ ముందే తెలుసన్న ధ్వని వస్తుంది, పైగా మాట రవి గురించి అవుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. ఏ సందర్భంలో ఏది అనాలో చెప్పకుండా ఒకదాన్ని ఇంకోదానిలోకి తిప్పడం నేర్పితే వచ్చేది లెక్కల నైపుణ్యం, భాష కాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మన భాష పోలికను ఎక్కడ పెట్టుకుందో చూపించి మొదలుపెట్టాలి. “ఈ గది పెద్దది”, “ఈ గది ఆ గదికంటే పెద్దది”. రెండో వాక్యంలో ‘పెద్దది’ అన్న మాట కొంచెం కూడా మారలేదు. పోలిక భారమంతా ‘కంటే’ మోస్తోంది. చిన్నప్పుడు “వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి” అని వల్లెవేశాం కదా, ఆ ‘కంటెన్’ ఇదే. అందరినీ మించినవాడని చెప్పాలన్నా మనకు కొత్త రూపం అక్కర్లేదు, ‘అందరికంటే పొడుగు’ అంటే సరిపోతుంది. విశేషణం పాజిటివ్‌లోనే హాయిగా కూర్చుని ఉంటుంది.

ఇంగ్లీషు రెండు చోట్ల గుర్తు పెడుతుంది. ‘దాన్’ ఒకటి, విశేషణం మీద ‘అర్’ గానీ దాని ముందు ‘మోర్’ గానీ ఇంకొకటి. తెలుగువాడి చెవికి మొదటిది ఉంటే పోలిక పూర్తయినట్టే. అందుకే “హి ఈజ్ టాల్ దాన్ మి” అని వచ్చేస్తుంది. అలా అనొద్దని పదిసార్లు దిద్దాక మనిషికి టెన్షన్ పట్టుకుని, రక్షణగా రెండు గుర్తులూ తగిలించి ‘మోర్ టాలర్’ అంటాడు. మొదటిది తెలుగు అలవాటు, రెండోది దిద్దుబాటు తెచ్చిన భయం. ‘టాల్, టాలర్, టాలెస్ట్’ పట్టిక బట్టీపట్టిస్తే రెండూ పోవు. ‘నీ భాషలో ఒక గుర్తు చాలు, ఇక్కడ విశేషణానికి కూడా ఒకటి కావాలి, ఒక్కటే’ అని చెబితే పెద్దవాళ్ళు వెంటనే పట్టుకుంటారు. ‘యాజ్… యాజ్’ సంగతీ ఇదే. మనకు ‘అంత’ ఒక్కటే ఆ పనంతా చేస్తుంది కాబట్టి రెండు ‘యాజ్’లలో ఒకటి జారిపోతుంది.

ఎక్కడ ‘అర్’, ఎక్కడ ‘మోర్’ అన్నది నిజానికి చిన్న విషయం. ఒక్క అక్షరంగా పలికే మాటలకు ‘అర్’, మూడు అంతకు మించితే ‘మోర్’. రెండక్షరాలవాటిలో ‘హ్యాపీ’ లాగా ‘ఈ’ శబ్దంతో ముగిసేవి ‘హ్యాపియర్’ అవుతాయి, ‘క్లెవర్’, ‘సింపుల్’ లాంటివి రెండు రకాలుగానూ వాడుకలో ఉన్నాయి. దీనికోసం నెల రోజులు తగలెయ్యడం దండగ.

నెల రోజులు కాకపోయినా ఒక సాయంత్రం ఖర్చు పెట్టదగ్గ సంగతి వేరే ఉంది. ‘టాలెస్ట్’లోని ‘ఎస్ట్’ మనకు పరాయిది కాదు. గరిష్ఠ, కనిష్ఠ, జ్యేష్ఠ, శ్రేష్ఠ అనే సంస్కృత పదాల చివర ఉన్న ‘ఇష్ఠ’ ప్రత్యయం, ఆ ‘ఎస్ట్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. అందరికంటే పెద్దవాడు జ్యేష్ఠుడు, అందరికంటే చిన్నవాడు కనిష్ఠుడు. వాతావరణ వార్తల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత అని చదివినప్పుడల్లా, అన్నిటినీ మించిందని చెప్పే సూపర్లేటివ్ డిగ్రీ చదువుతున్నట్టే. ‘స్వర్గం కంటే గొప్పది’ అనే అర్థంలో వచ్చే ‘గరీయసి’ కంపారిటివ్. దాని ప్రత్యయానికీ, ఇంగ్లీషు ‘అర్’కీ, లాటిన్ నుంచి వచ్చిన ‘సీనియర్’, ‘జూనియర్’ చివరి ‘ఇయర్’కీ పూర్వీకుడు ఒక్కడే. సీనియర్ అన్న మాటలోనే ‘ఎక్కువ పెద్ద’ అన్న పోలిక ఉంది, అయితే అది లాటిన్ దారిలో వచ్చింది కాబట్టి ‘దాన్’ను కాక ‘టు’ను వెంటబెట్టుకుంటుంది. ‘సీనియర్ టు మి’ అనేది ఎందుకో చెప్పకుండా బట్టీపట్టించే బదులు ఈ నాలుగు ముక్కలు చెప్పొచ్చు.

తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఇవన్నీ మనకు అరువు మాటలే. అరువు మాటలు కాబట్టే వాటిలోని పోలిక మన చెవికి వినబడదు, ‘అతి శ్రేష్ఠమైన’ అని పైనుంచి ఇంకో అతిశయం చేరుస్తాం. ఆ మాటకొస్తే యజుర్వేదం మొదట్లోనే ‘శ్రేష్ఠతమ’ అని సూపర్లేటివ్ మీద సూపర్లేటివ్ ఉంది. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ‘మోస్ట్ అన్‌కైండెస్ట్’ అని రాశాడు. ఇంగ్లీషు వ్యాకర్తలు దాన్ని తప్పుల జాబితాలోకి ఎక్కించింది తర్వాతి కాలంలో. ‘మోర్ బెటర్’ అన్నవాణ్ణి దిద్దండి, దిద్దాల్సిందే. వెక్కిరించడానికి మాత్రం చరిత్ర ఒప్పుకోదు.

‘గుడ్’ ఏమిటి, ‘బెటర్’ ఏమిటి, పొంతన లేదేమిటని చాలామంది అడుగుతారు. బాగా అరిగిన మాటల్లో అలా జరుగుతుంది. సంస్కృతంలో ‘ప్రశస్య’ అన్న మాటకు పోలిక రూపాలు శ్రేయస్, శ్రేష్ఠ. మూలానికీ వాటికీ పోలికే లేదని గమనించిన పాణిని దానికో సూత్రమే చేశాడు. మనం రోజూ కోరుకునే శ్రేయస్సు అక్షరాలా ‘బెటర్’ అన్నమాట.

‘బెటర్’ను ‘మంచి’కి పై మెట్టుగా నేర్పడం ఇంకో పొరపాటు. జ్వరంతో పడుకున్న మనిషి “ఫీలింగ్ బెటర్” అంటే తగ్గిపోయిందని కాదు. తెలుగులో దీనికి చక్కటి మాట ‘నయం’. “నిన్నటికన్నా నయం” అన్నవాడు ఇంకా మంచం మీదే ఉండొచ్చు. “వాడికంటే వీడు నయం” అన్నప్పుడు ఇద్దరూ మంచివాళ్ళు కారనే ఎక్కువగా అర్థం. ‘బెటర్’ ఎదురుగా ‘నయం’ పెట్టి నేర్పితే, పట్టిక చెప్పలేని అర్థం ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

విశేషణాలు వాక్యంలో కూర్చునే చోటు గురించి పుస్తకాలు పెద్ద జాబితాలు ఇస్తాయి: అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఇలా. మన వాళ్ళకు అది చాలావరకు అక్కర్లేదు. ‘పెద్ద నల్ల పెట్టె’ అంటాం గానీ ‘నల్ల పెద్ద పెట్టె’ అనం, ఇంగ్లీషూ ఆ వరసలోనే పోతుంది. ‘పెద్ద పెద్ద ఇళ్ళు’ అనే జంట మాత్రం దాటి వెళ్ళదు, ‘బిగ్ బిగ్’ అంటే అవతలివాళ్ళకు పసిపిల్లల మాటలా వినిపిస్తుంది.

నిజంగా కష్టపెట్టేది ‘గా’. “అందంగా పాడింది”, “అందంగా ఉంది”. మనకు రెండింటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో మొదటిది ‘బ్యూటిఫుల్లీ’, రెండోది ‘బ్యూటిఫుల్’. “షి లుక్స్ బ్యూటిఫుల్లీ” అన్న తప్పు పుట్టేది ఇక్కడే. ‘ఉండు, కనిపించు, అనిపించు’ వెంట వచ్చే ‘గా’ విశేషణమవుతుంది, పని చెప్పే క్రియల వెంట వచ్చేది దాదాపు ఎప్పుడూ ‘లీ’ అవుతుంది. ఈ సూత్రం ఏ గ్రామర్ పుస్తకం మొదటి పేజీలోనూ కనబడదు, ఎందుకంటే అవి తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

ఇంగ్లీషులో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడితే ఇదంతా తలకిందులవుతుంది. “ఇది దానికంటే ఎక్కువ పెద్దది” అంటారు. వాళ్ళు ‘అర్’ కోసం వెతుకుతున్నారు, దొరక్క ‘ఎక్కువ’ తెచ్చి పెడుతున్నారు. పెద్దవాళ్ళు ఇంగ్లీషులో వదిలేసే ముక్కనే పిల్లలు తెలుగులో అదనంగా చేరుస్తున్నారు. అందుకే ఈ రెండు పాఠాలూ విడివిడిగా చెప్పడం నాకు నచ్చదు. అమ్మమ్మనీ మనవణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఏవైనా రెండు వస్తువులు ముందు పెట్టి, ఆవిడని ఇంగ్లీషులో, వాణ్ణి తెలుగులో పోల్చమనాలి. ఆవిడ వదిలేసింది వాడు అందిస్తాడు, వాడు ఎక్కువ పెట్టింది ఆవిడ తీసేస్తుంది. పట్టిక మూడో వారంలో చూపించినా ఆలస్యమేం కాదు.