గుట్ట ఎక్కడానికి కారు కావాలట!

హైదరాబాద్‌లో కాలినడకకు కనీస అర్హత నాలుగు చక్రాలు. ఈ సంగతి తెలియని అమాయకులు కొందరు ఇంకా రెండు కాళ్లతోనే బయల్దేరుతున్నారు. వారికి జ్ఞానోదయం కలిగించడానికే కాబోలు, ఆదివారం ట్రెక్కింగ్ ప్రకటనలన్నీ ఒకే మంత్రంతో ముగుస్తాయి: "సొంత వాహనంలో రావడం ఉత్తమం. పార్కింగ్ కలదు." మొదటి పది లైన్లలో ప్రకృతి ఒడి, స్వచ్ఛమైన గాలి, నగర కాలుష్యం నుంచి విముక్తి. పదకొండో లైన్లో డీజిల్ బండికి లొకేషన్. బస్సు అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. భువనగిరి కోట ఉన్న ఊళ్లో రైల్వే స్టేషన్ కూడా ఉందని రాస్తే ట్రెక్కు పరువు ఏం కావాలి?

ఈ శాస్త్రం పూర్తిగా అర్థం కావాలంటే ఆదివారం తెల్లవారుజామున ఖాజాగూడ గుట్టల దగ్గర జరిగే క్రతువు చూడాలి. పదిమంది మిత్రులు, తొమ్మిది కార్లు. పదో ఆయన కారు సర్వీసింగ్‌లో ఉంది, అందుకని క్యాబ్. మొదటి కారు గుట్ట మొదట్లో ఆగుతుంది. ఖాళీ లేదు. ముందుకు పోతుంది. అక్కడా లేదు. యూటర్న్ కొట్టి మళ్లీ వస్తుంది. వెనక ఎనిమిది కార్లు, ఆ వెనక "అన్నా, ఎక్కడున్నవ్?" అని ఫోన్లో అరుస్తున్న క్యాబ్ ఆయన. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు, పాపం, నడిచి. ఇక్కడ ఏసీలో కూర్చునే పుణ్యం దక్కుతోంది. మూడో ప్రదక్షిణలో ఒకరికి చోటు దొరుకుతుంది, గుట్టకు మూడు వందల మీటర్ల దూరంలో. వెంటనే చర్చ మొదలవుతుంది: అక్కడి నుంచి ఇంత దూరం నడవాలా?

నడవరు. నడవడానికి వచ్చినవాళ్లు నడవడం ఏమిటి? నాలుగో ప్రదక్షిణ. ఈసారి గుట్టకు ఆనుకునే, ఒకరి గేటుకు అడ్డంగా. డిక్కీలు తెరుచుకుంటాయి. అల్యూమినియం చేతికర్రలు, నీళ్ల సంచీకి గొట్టం, ఆ గొట్టానికి మూత. హిమాలయాలకు సరిపడా బూట్లు. అరగంటలో పైకి, ఫోటోలకు అరగంట, పావుగంటలో కిందికి. వాచీ చూస్తే రోజు అడుగుల లెక్క నిండలేదు. అందుకని కారు చుట్టూ తిరుగుతూ లెక్క నింపుతారు. ఈ లోపు ఫక్రుద్దీన్ బాబా దర్గాకు వచ్చిన ముసలమ్మ సిటీ బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఎవరి లొకేషనూ అడక్కుండా నడిచి వెళ్లిపోయింది. ఆమెను ట్రెక్కర్ల లెక్కలో వేయరు. ఆమె ఏ గ్రూపులోనూ లేదు మరి.

సరే, అర్హత లేకపోయినా గుట్ట ఎక్కి తీరతామనే మొండివాళ్ల కోసం కొన్ని వివరాలు.

ఖాజాగూడకు దగ్గరి మెట్రో స్టేషన్ రాయదుర్గం. నీలి లైను అక్కడితో ఆఖరు. అక్కడి నుంచి ఆటో, లేదా ఖాజాగూడ వైపు సిటీ బస్సు. సూర్యోదయం మీద ఆశ పెట్టుకోకండి, తొలి మెట్రో ఎక్కి గుట్ట చేరేసరికి సూర్యుడు తన పని తాను కానిచ్చేసి ఉంటాడు. సాయంత్రం వెళ్లండి, అస్తమయానికి టికెట్ అదే. గోల్కొండకు మెహిదీపట్నం నుంచి బస్సు. బాలాహిసార్ మెట్లెక్కి, కింద గేటు దగ్గర కొట్టే చప్పట్లు పైన విని దిగితే దాన్ని నడక అనరు. బయటి గోడ చుట్టుకొలత కిలోమీటర్ల కొద్దీ, 87 బురుజులు. నయా ఖిలా వైపు ఉన్న బావోబాబ్ చెట్టు దాకా పోతే అసలు కోట కనిపిస్తుంది. అక్కడే గోల్ఫ్ మైదానమూ కనిపిస్తుంది. కుతుబ్‌షాహీలు ఆ ఆట ఆడేవారో లేదో గానీ, వారి కోటలో మాత్రం అది స్థిరపడింది. మౌలాలి గుట్టకు సికింద్రాబాద్ నుంచి సిటీ బస్సులు బోలెడు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది, కాకపోతే టైము చూసుకోకుండా స్టేషన్‌కు పోతే ఆ రోజు చేసే తపస్సంతా ప్లాట్‌ఫారం మీదే. దిగువన మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో పోయిన ఆ కవయిత్రిని పలకరించకుండా మెట్లెక్కకండి.

అసలు పరీక్ష భువనగిరి. ఉప్పల్ మెట్రో దిగి వరంగల్ రోడ్డు మీద బస్సు పట్టుకోవాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వరంగల్, హనుమకొండ బోర్డు చూసి ఎక్కేస్తారు. ఆ బస్సు బైపాస్ మీదుగా పోతే ఊరు పక్కనే కనిపిస్తూ ఉంటుంది, మీరు మాత్రం హైవే మీద దిగి ఎండలో నడుస్తూ ఉంటారు. ఎక్కే ముందే కండక్టర్‌ను ఒక్క మాట అడగాలి: "ఊళ్లోకెల్లి పోతదా, బైపాసా?" యాదగిరిగుట్ట బస్సైతే ఈ బాధ తక్కువ. రైలు కావాలంటే సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైను. అయితే ఎక్స్‌ప్రెస్‌లన్నీ భువనగిరిలో ఆగవు, ముందే చూసుకోవాలి.

కోట ఉన్నది ఒకే ఒక్క బండ మీద, ఎత్తు 500 అడుగులకు పైమాటే. త్రిభువనమల్ల బిరుదున్న చాళుక్య విక్రమాదిత్యుడి పేరు మీద వెలిసింది. ఆయన ఏనుగులకు పార్కింగ్ ఎక్కడ చూపించాడో చరిత్రకారులు ఇంకా తేల్చవలసి ఉంది. మొదట మెట్లు, ఆపైన బోడి బండ, అక్కడక్కడా ఇనుప కమ్మీలు. నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి, ఎందుకంటే పైన అమ్మేవాళ్లు ఉండరు. ఎండాకాలం పదింటికల్లా కిందికి వచ్చేయాలి. రాయి కాలుతుంది, కమ్మీ అంతకంటే కాలుతుంది. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి వాన నీళ్లు జారే దారులు. పొడిగా ఉంటే ఇబ్బంది లేదు, తడిస్తే సబ్బే. హిమాలయపు బూట్ల గట్టి అడుగు కంటే మెత్తటి రబ్బరు అడుగు ఇక్కడ బాగా పట్టుకుంటుంది. దిగేటప్పుడు పక్కవాటుగా దిగాలి, పరుగు పనికిరాదు.

ప్రభుత్వ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అదే బండకు మనవాళ్లు బస్సు టికెట్టుకు ఎన్నో రెట్లు కట్టి, "బిగినర్ లెవెల్" అని పెదవి విరిచి, సగంలో ఆగి ఫోటో దిగి వస్తున్నారు.

టికెట్టంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. డీలక్స్, సూపర్ లగ్జరీలకు వర్తించదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి. అంటే ఒక అమ్మాయి ఉప్పల్‌లో బస్సెక్కి భువనగిరి బండెక్కి రావడానికి ప్రయాణ ఖర్చు సున్నా. ఇంత పెద్ద వార్త ఏ ట్రెక్కింగ్ ప్రకటనలోనూ రాలేదు. ఎందుకొస్తుంది? సున్నాలో కమీషన్ ఎంత?

పార్కింగ్ ఇరుగ్గా ఉందని ఈ సాహసికులు వినతిపత్రాలు ఇస్తున్నారు. పార్కింగ్ ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? ఆకాశం నుంచి ఊడిపడుతుందా? గుట్టను తొలిస్తేనే వస్తుంది! ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. చార్మినార్ కాదు, మనిషే లేనప్పటివి. వీటిని కాపాడండని సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి మొత్తుకుంటూనే ఉంది. రాయికి రంధ్రం వేసి, మందు కూరి, ఒక్క మధ్యాహ్నంలో పేల్చేసి, చదును చేసి, "రాక్ వ్యూ" అని అపార్ట్‌మెంటుకు పేరు పెట్టిన ఊరిది. మిగిలిన నాలుగు గుట్టలకీ కార్లు ఆపుకోవడానికి చోటు కావాలా? ఊరంతా తారు పోసింది చాలలేదా? మీరు చూడ్డానికి వచ్చిందాన్నే చదును చేసి దాని మీద బండి పెట్టుకుంటారా? సిగ్గుండాలి. గుట్ట దాకా రోడ్డు వెడల్పు చేయడానికి డబ్బు దొరుకుతుంది, అదే రోడ్డు మీద తెల్లవారి ఒక బస్సు వేయడానికి, బస్సు దిగినవాడు ప్రాణంతో అవతలికి దాటడానికి నాలుగు గజాల కాలిబాట వేయడానికి మాత్రం దొరకదు. దర్గాకు వచ్చిన ముసలమ్మ లారీల మధ్య చేయి అడ్డం పెట్టి దాటాలి. ఆమె వినతిపత్రం ఇవ్వదు, అందుకని ఆమె లేనట్టే.

అనంతగిరి సంగతి చెప్పి ముగిస్తాను. సికింద్రాబాద్ నుంచో, లింగంపల్లి నుంచో వికారాబాద్ రైలు. స్టేషన్ నుంచి కొండలు ఆరేడు కిలోమీటర్లు. తాండూరు వైపు పోయే బస్సులు ఘాట్ మీదుగానే వెళ్తాయి, అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర దింపమని కండక్టర్‌కు ముందే చెప్పాలి. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నగరంలో దాన్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఇక్కడ ఒకసారి ముక్కు తెరవొచ్చు. వానల్లో అడవి దారి ఎర్రమట్టి బురద, ఒక జత మేజోళ్లు అదనంగా పెట్టుకోండి. పొద్దు గూకేలోగా రోడ్డెక్కాలి. చీకటి పడితే బస్సులు పలచబడతాయి, పైగా మలుపులో నిలబడితే డ్రైవర్‌కు కనిపించరు. గుడి దగ్గర తిన్నటి రోడ్డు చూసుకుని నిలబడి చెయ్యెత్తండి. పురుషులైతే చిల్లర సిద్ధంగా ఉంచుకోండి. ఈలోగా ఏదో కారు ఆగి, అద్దం దించి, "ఇక్కడ ట్రెక్కింగ్ పార్కింగ్ ఎక్కడ బ్రో?" అని అడిగితే, తాండూరు వైపు చెయ్యి చూపించండి.