అడ్డ గుణకారానికి ముందు ‘అయిదింట మూడు’ అనడం నేర్పాలి

రెండు భిన్నాలు ఇచ్చి ఏది పెద్దదో చెప్పమంటే మన పిల్లలు ఆ భిన్నాల వైపు చూడరు. ఒకదాని లవం (పై సంఖ్య) నుంచి రెండోదాని హారానికి (కింది సంఖ్యకు) బాణం గీసి, లబ్ధాలు రాసి, గుర్తు పెట్టేస్తారు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న 7/8ని, 8/9ని పోలుస్తూ 63, 64 అని తప్పు లేకుండా గుణించి, ఏ లబ్ధం ఏ భిన్నానిదో మరిచిపోయి గుర్తును తిరగేసి పెట్టింది. ఒక్కో భిన్నం ఒకటికి ఎంత దూరంలో ఆగిపోయిందని అడిగితే, కాసేపు ఆలోచించి, ‘ఇది ఎనిమిదో వంతు తక్కువ, అది తొమ్మిదో వంతు తక్కువ, తొమ్మిదో వంతే చిన్నది కదా తాతయ్యా’ అంటూ తనే దిద్దుకుంది.

ఈ బాణాల పద్ధతే అడ్డ గుణకారం. అది ఎప్పుడూ తప్పు జవాబు ఇవ్వదని, పోటీ పరీక్షల్లో సమయం ఆదా చేస్తుందని ఉపాధ్యాయ మిత్రులు అంటారు. రెండూ నిజమే. కానీ రెండు భిన్నాలనూ ఒకే హారంలోకి తెచ్చి, ఆ హారాన్ని రాయకుండా వదిలేయడమే ఆ పద్ధతి అని తెలియని పిల్లవాడికి అది గణితం కాదు, మంత్రం.

అసలు చిక్కు చదవడంలోనే మొదలవుతోంది. 3/5ను బడిలో ‘త్రీ బై ఫైవ్’ అంటున్నారు. ఆ మాటలో రెండు అంకెలు వినిపిస్తాయి తప్ప వంతు వినిపించదు. కనుకనే ఎనిమిది కన్నా తొమ్మిది పెద్దది కాబట్టి 1/8 కన్నా 1/9 పెద్దదని పిల్లలు ధీమాగా చెబుతారు. తెలుగులో అదే భిన్నం ‘అయిదింట మూడు’. ఎన్ని వంతులు చేశారో ముందు చెప్పి, అందులో ఎన్ని తీసుకున్నారో తరువాత చెప్పే ఈ వరుసలో హారం పని ఏమిటో మాటే నేర్పేస్తుంది. (ఇంగ్లీషులోనూ ‘త్రీ ఫిఫ్త్స్’ అనే అర్థవంతమైన మాట ఉంది, ‘బై’ రెండు భాషల పిల్లలకూ అన్యాయమే చేసింది.) అయిదింట మూడు, ఎనిమిదింట అయిదు అని పలికిన పిల్లకు రెండూ సగం దాటాయని తడుతుంది. మొదటిది సగాన్ని పదో వంతు దాటితే రెండోది ఎనిమిదో వంతు దాటింది, కాబట్టి 5/8 పెద్దది. కాగితం అక్కరలేదు.

ఈ చూపు మనకు కొత్తది కాదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. బేడ ఎనిమిదో వంతు, పావలా నాలుగో వంతు. ముప్పావలా ఎక్కువా, పది అణాలు ఎక్కువా అన్న ప్రశ్నకు పన్నెండు, పది అన్న జవాబు నోటి చివర ఉండేది, ఎందుకంటే సమ హారం జేబులోనే ఉండేది. భిన్నాలను ఒకే హారంలోకి తేవడాన్ని పాత గణితకారులు ‘కళాసవర్ణం’ అన్నారు; కళ అంటే చంద్రుడిలో పదహారో వంతు. పావలా నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. దానితో పాటు పావు, వీసం (పదహారో వంతు) వంటి మాటలనూ పాఠాల్లోంచి పంపేయాలని ఎవరూ చెప్పలేదు, అయినా పంపేశాం.

బజారు మాత్రం వాటిని వదల్లేదు. రైతు బజారు బయట రోడ్డు మీద ఒకామె తోటకూర ఇరవైకి మూడు కట్టలంటుంది, పక్కామె ముప్పైకి అయిదంటుంది. సంచి పట్టుకొచ్చిన ఇల్లాలు ‘అక్కడ ఆరు కట్టలకు నలభై, ఇక్కడ ముప్పై ఆరే’ అనుకుని రెండో బుట్ట దగ్గర కూర్చుంటుంది. 3/20ని, 5/30ని లవాలు సమానం చేసి పోల్చే ఈ పద్ధతి పాఠ్యాంశమే అయినా, హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) హడావిడిలో తరగతిలో దానికి దక్కేది ఒక్క ఉదాహరణే.

అడ్డ గుణకారాన్ని తీసేయమని నేను అనడం లేదు, వరుస మార్చమంటున్నాను. సగంతో పోల్చడం, ఒకటితో పోల్చడం, లవాలు సమానం చేయడం ముందు రావాలి, బాణాలు ఆఖరున రావాలి. ప్రశ్నపత్రంలోనూ ఏది పెద్దదన్న దానికి ఒక మార్కు ఇచ్చి, గుణించకుండా ఎలా తెలిసిందో రెండు వాక్యాల్లో రాసినందుకు మూడు మార్కులు ఇవ్వాలి.