రాతి మనిషికి గృహప్రవేశం

కెనడాలో మా బ్రాంప్టన్ వీధిలో ఒక బావగారు (వరస ఏమీ లేదు, ఇక్కడ తెలుగువాళ్లందరూ బావగార్లే) ఈ వేసవిలో పెరట్లో ఇనుక్షుక్ అనే రాళ్ల పేర్పు కట్టారు. కట్టారు అనడం మర్యాద కోసం. తోట సామాన్ల దుకాణంలో 129 డాలర్లు పోసి అట్టపెట్టె తెచ్చారు. అందులో ఏడు రాళ్లు, వాటి మీద 1 నుంచి 7 దాకా అంకెలు, ఒక జిగురు ట్యూబు.

ప్రారంభోత్సవానికి పిలుపు వచ్చింది. వెళ్లకపోతే బాగుండదు. మిరపకాయ బజ్జీలు తింటూ పన్నెండు మందిమి ఆ రాతి విగ్రహం చుట్టూ భక్తిగా నిలబడ్డాం.

"ఇది దారి చూపిస్తుంది" అన్నారు బావగారు గంభీరంగా.

"ఎక్కడికండీ?"

ఆయన కాసేపు ఆలోచించారు. ఎడమ చెయ్యి బార్బెక్యూ వైపు, కుడి చెయ్యి వాష్‌రూమ్ వైపు ఉంది. విందులో మనిషికి కావలసిన దారులు అవే కాబట్టి ఎవరూ కాదనలేకపోయాం. అక్కయ్యగారు మాత్రం "నాకు దిష్టిబొమ్మలా ఉంది" అన్నారు. అందరూ నవ్వారు. నిజానికి అక్కడ విషయం తెలిసింది ఆవిడకే! ఉత్తరాన కారిబూ (మంచు ప్రాంతపు దుప్పి) మందను వేటగాళ్లున్న చోటికి తోలడానికి అక్కడి మూలవాసులైన ఇన్యూట్లు ఇలాంటి రాళ్లనే వరసగా పేర్చేవారు. మనుషులు నిలబడ్డారనుకుని జంతువులు బెదిరేవి.

ఇనుక్షుక్ అంటే మనిషి పని చేసేది అని అర్థం. చెట్టూ చేమా లేని మంచునేలలో ఇటు దారి, ఇక్కడ చేపలు పడతాయి, ఇక్కడ మాంసం దాచాం అని చెప్పేది. సిమెంటు, జిగురు ఉండవు. చాలావాటికి తలా చేతులూ కూడా ఉండవు. మనిషి ఆకారంలో పేర్చినదానికి పేరే వేరు, ఇనున్‌గువాక్, అంటే మనిషికి నకలు. బావగారిది ఆ నకలుకు నకలు.

ఆయన్ననడం దేనికి? ఈ సరదా దేశమంతా ఉంది. మా ఒంటారియో రాష్ట్రంలోనే, కిల్లార్నీ పార్కులో 2007లో "బాబూ, ఇక కట్టకండి" అని సందర్శకులను బతిమాలుకున్నారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కైతే ఇదే చిహ్నం. దానికి ఇలానాక్ అని పేరు, అంటే స్నేహితుడట.

ఆటలు ఫిబ్రవరిలో. ఆగస్టులో అదే దేశం ఇన్యూట్లకు క్షమాపణ చెప్పింది. 1953లో, 55లో క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్జువాక్ ఊరి నుంచి కుటుంబాలను ఓడెక్కించి, దాదాపు 2,000 కిలోమీటర్లు పైకి తీసుకెళ్లి, నెలల తరబడి సూర్యుడు కనపడని గ్రీస్ ఫియోర్డ్, రెజల్యూట్‌లలో దింపేసినందుకు. రెండేళ్లయ్యాక నచ్చకపోతే వెనక్కి తెస్తామన్నారు. తెచ్చారా? క్షమాపణకే యాభై ఏడేళ్లు పట్టింది. అంతకుముందే, 1941 నుంచి, వీళ్ల పేర్లు రాసుకోవడం కష్టమని ఒక్కొక్కరికీ నంబరు బిళ్ల ఇచ్చి మెడలో వేసుకోమన్నారు. బతికున్న మనుషులకేమో నంబరు, రాయికేమో ముద్దుపేరు! సిగ్గుండాలి.

సరే, బజ్జీలు బాగున్నాయి.

నిన్న రాత్రి గాలికి బావగారి ఇనుక్షుక్ తల ఊడిపోయి రెండు ముక్కలైంది. పొద్దున్నే దుకాణానికి ఫోన్ చేస్తున్నారు. కంచె ఇవతలికి వినపడుతోంది.

"దాన్నేమంటారో తెలీదండీ. నంబరు చెబుతాను, రాసుకోండి. ఏడు."