మానిఫోల్డ్ బోల్టుల మెసేజ్: దయచేసి ఇంక పంపకండి

"సైలెన్సర్ వైపు టిక్ టిక్ వస్తోందా? షెడ్డుకి వెళ్లక్కర్లేదు" అని మొదలయ్యే మెసేజ్ వారం నుంచి నా ఫోన్‌ని వదలడం లేదు. ఎస్.కోట నుంచి ఒకరు, నెల్లిమర్ల నుంచి ఇంకొకరు, చివరికి స్టీరింగ్ పట్టుకోవడం రాని మా మావయ్య కూడా పంపాడు. అందులో చెప్పింది ఇదీ: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగని పోగుచేసి సైలెన్సర్ వైపు పంపే గొట్టాల ముక్క) బోల్టుల్ని ఇంజిన్ వేడి మీదుండగా బలమంతా పెట్టి బిగించాలి, బోల్టు మరలకి ఇంజిన్ ఆయిల్ రాయాలి, పొగ కారే సందులో ఎపాక్సీ ముద్ద పెట్టాలి, కొంచెం లీకుంటే మైలేజీకి మంచిది, పొగ వాసన రానంతవరకు లోపలున్నవాళ్లకి భయం లేదు.

ఎపాక్సీ ముద్ద నీళ్ల ట్యాంకుకి పనికొస్తుంది. పెట్రోలు బండి లోడు మీద ఘాట్ ఎక్కేటప్పుడు మానిఫోల్డ్ 600 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ముద్ద మాడి రాలిపోతుంది. ఇంకేం చెప్పక్కర్లేదు.

మైలేజీ మాట పూర్తిగా తలకిందులు. పొగ ఒకే ధారగా రాదు, విడతలు విడతలుగా తన్నుకొస్తుంది. ఆ విడతల మధ్య అదే సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. టర్బో డీజిల్ అయితే టర్బోని (ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఫ్యాన్‌ని) తిప్పాల్సిన పొగ దారిలోనే పోతుంది, అరకు ఘాట్‌లో బండి లాగదు.

వేడి మీద బిగించడం సంగతి. మానిఫోల్డ్ చాలా బండ్లలో పోత ఇనుము, అది బిగిసే హెడ్డు (ఇంజిన్ పై భాగం) అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కంపెనీ ఇచ్చే టార్కు (ఎంత బలంతో బిగించాలనే అంకె) చల్లటి ఇంజిన్‌కి, వేడి మీద ఆ లెక్క కుదరదు. వేడి మీద పానకి పైపు తొడిగి లాగితే హెడ్డు రంధ్రంలోని మరలు చెరిగి ఊడొస్తాయి, లేదా తుప్పు తిన్న స్టడ్ (తల లేని బోల్టు) తెగి మొండెం లోపలే ఉండిపోతుంది. దానికి నట్టు వెల్డింగు పెట్టి తీయాలి, అప్పటికీ రాకపోతే హెడ్డు దింపాలి. చిన్న కార్లలో 8 మి.మీ. బోల్టుకి మామూలుగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. మీ బండి అంకె సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఆయిల్ రాస్తే మరల రాపిడి తగ్గి, టార్క్ రెంచి అదే అంకె చూపిస్తున్నా బోల్టు ఎక్కువ సాగుతుంది. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి బిగిస్తూ చివరలకి వెళ్లాలి, అదీ రెండు మూడు విడతల్లో. వంకరపోయిన మానిఫోల్డ్ ఎంత బిగించినా తిన్నగా అవదు.

ఒకటి ఒప్పుకోవాలి. వేడి ఉపయోగపడే చోటు ఉంది, విప్పేటప్పుడు. తుప్పు వదిలించే నూనె కొట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా కదిపితే పట్టేసిన నట్టు తేలిగ్గా వస్తుంది. కొత్త ప్యాకింగ్ (మానిఫోల్డ్‌కీ హెడ్డుకీ మధ్య పెట్టే పొర) వేసి కొన్నాళ్లు తిరిగాక మళ్లీ టార్కు చూసుకోమని ఆ మెసేజ్ చివర్లో ఉన్న మాట కూడా చాలా బండ్లకి మంచిదే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక చూస్తే.

కానీ ఆ వాసన మాట చదివితే ఒళ్లు మండిపోతోంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలుగా పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ దాన్ని చాలావరకు తగ్గిస్తుంది. మానిఫోల్డ్ దగ్గర కారేది ఆ కన్వర్టర్ దాకా చేరని పొగ! పైగా పొద్దున్నే మొదటి స్టార్టులో ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ విషవాయువూ ఎక్కువ వస్తుంది. సందు కూడా అప్పుడే పెద్దది, అందుకే టిక్ టిక్ అప్పుడే గట్టిగా వినిపిస్తుంది. వేడెక్కి శబ్దం తగ్గగానే "సర్దుకుందిలే" అనేస్తారు. అప్పటికే పిల్లలు ఎక్కేసి ఉంటారు.

అవును, పిల్లలు. మన దగ్గర ఇప్పటికీ బడికి తిరిగే మారుతి ఓమ్నీ వ్యాన్లున్నాయి. దాని ఇంజిన్ ముందు సీటు కిందే. ఇంజిన్ మూత అంచు రబ్బరు ఎండి పగిలితే కారిన పొగ నేరుగా లోపలికే. వాన పడితే అద్దాలన్నీ ఎత్తేస్తాం. పిల్లాడు తలనొప్పి, వాంతి అంటే ఎండదెబ్బో, ఖాళీ కడుపో అనుకుంటాం. వాసన రాలేదు కాబట్టి భయం లేదని రాసినవాడు తన బిడ్డని ఆ సీటు మీద కూర్చోబెట్టి పంపుతాడా?

ఇంజిన్ చల్లగా ఉండగా సీటు ఎత్తి, మానిఫోల్డ్ హెడ్డుకి ఆనిన చోట టార్చి వేసి చూడండి. ప్యాకింగ్ అంచున నల్లటి మసి చార కనిపిస్తే లీకు అక్కడే. ప్యాకింగ్ మార్చి, మూత రబ్బరు కొత్తది వేసేదాకా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి.