సోయా పిండికి పాలకూరతో పోటీ ఏంది?

సోయా పిండిలో 100 గ్రాములకు ప్రోటీన్ 37 గ్రాముల దాకా ఉంటే పాలకూరలో పట్టుమని మూడు గ్రాములు లేవు, ఇంక ఆ ఆకు ఎందుకు అని అనంతపురం వదిలి దూరాన బతుకుతున్న మన సంఘంవాళ్లు కొందరు అడుగుతున్నారు. అడిగి ఊరుకుంటే బాగుండు. ఆదివారం వీడియో కాల్ పెట్టి అక్కడున్న అమ్మానాన్నలకు కూడా అదే పాఠం చెబుతున్నారు. ఇంకో జట్టు ఉంది, వాళ్ల లెక్కలో రక్తం పట్టాలంటే పాలకూరే, సోయా తింటే మగపిల్లలకు హార్మోన్లు చెడిపోతాయి. సంక్రాంతి భోజనాల దగ్గర ఈ రెండు జట్లూ నా పక్కనే కూర్చున్నాయి. అక్కడ మాట్లాడే సందు దొరకలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ 100 గ్రాముల పట్టిక సంగతి. సోయా పిండి అంటే ఎండిన గింజను మరపట్టిన పొడి, అందులో నీళ్లు దాదాపు ఉండవు. పచ్చి పాలకూరలో 100 గ్రాములకు 91 గ్రాములు నీళ్లే. మిగిలిన 9 గ్రాముల్లో మూడో వంతు దాకా ప్రోటీనే, అంటే ఆ ఆకును పూర్తిగా ఎండబెట్టి పొడి కొడితే ప్రోటీన్ శాతంలో సోయా పిండికి పెద్దగా తీసిపోదు. కేలరీల లెక్కన చూస్తే ఇంకా తమాషా: 100 కేలరీల పాలకూరలో ప్రోటీన్ 12 గ్రాములు, 100 కేలరీల సోయా పిండిలో ఎనిమిదిన్నర. ఇట్లా చూస్తే పాలకూరే గెలిచింది! కానీ ఆ 100 కేలరీలు రావాలంటే నాలుగు వందల గ్రాములకు పైగా ఆకు తినాలి, ఎవరు తింటారు? బరువు లెక్కన సోయాను, కేలరీ లెక్కన పాలకూరను గెలిపించొచ్చు, ఎవరికి ఏది కావాలంటే అది. అందుకే నేను పట్టిక పక్కన పెట్టి కంచంలోకి చూడమంటాను.

కంచంలోకి వచ్చే సోయా పిండి ఎంత? రొట్టె పిండిలోనో దోసె పిండిలోనో కలిపితే మనిషికి రెండు మూడు స్పూన్లు, మహా అయితే 15 గ్రాములు. ప్రోటీన్ ఐదున్నర గ్రాములు, ఐరన్ ఒక మిల్లీగ్రాము. పాలకూర పప్పులో మనిషి వాటాకు ఆకు 100 గ్రాముల దాకా వస్తుంది (ఉడికితే గుప్పెడే అవుతుంది కాబట్టి తెలియదు). ప్రోటీన్ మూడు గ్రాములు, ఐరన్ సుమారు రెండున్నర మిల్లీగ్రాములు, దాంతోపాటు సోయా పిండి దగ్గరకు కూడా రాలేనంత విటమిన్ ఏ, సీ, కే. పట్టికలో ఐరన్‌కి సోయా రెట్టింపు కంటే ఎక్కువ చూపిస్తుంది, కంచంలో పాలకూరదే పైచేయి. ప్రోటీన్‌లో మాత్రం కంచంలోనూ సోయానే ముందుంటుంది, కాకపోతే పన్నెండు రెట్లు కాదు, రెండు రెట్లకు లోపే.

ఇందులోనూ మెలిక ఉంది. కాగితం మీద కనిపించే ఐరన్ అంతా ఒంటికి పట్టదు. మాంసంలో ఉండే ఐరన్‌తో పోలిస్తే ఆకులోది, గింజలోది శరీరం తీసుకునేది చాలా తక్కువ. సోయాలో ఫైటేట్లు అనే పదార్థాలు ఐరన్‌కి అడ్డం పడతాయి, పాలకూరలో పాలీఫినాల్స్ అనేవి, భోజనం అయిన వెంటనే తాగే టీ అయితే రెండింటికీ గండి కొడుతుంది. అదే పప్పులో దించాక నిమ్మకాయ పిండుకుంటే విటమిన్ సీ వల్ల ఐరన్ మెరుగ్గా పడుతుంది. 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన సిఫారసుల ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆ వయసు ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయిన చెల్లెలికి ఫోన్‌లో పాలకూర తినమని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయికి కావాల్సింది డాక్టరు, ఐరన్ మాత్రలు. ఆకుకూర ఆ తర్వాత.

కాల్షియం విషయంలో పాలకూరకు వచ్చిన పేరు మరీ అన్యాయం. వంద గ్రాముల్లో వంద మిల్లీగ్రాములు ఉన్నమాట నిజమే, కానీ ఆ ఆకులోనే ఉండే ఆగ్జలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి బంధిస్తాయి కాబట్టి ఒంటికి చేరేది వందకు ఐదు పాళ్లు. పాలల్లో అది పావు వంతుకు పైనే. ఇంత చెప్పుకున్నాక మన సంగటిని మర్చిపోతే ఎట్లా? రాగిపిండి 100 గ్రాముల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు, అందులోనూ మొత్తం పట్టదు గానీ పాలకూర మాత్రం దాని దరిదాపుల్లోకి రాదు.

ఆగ్జలేట్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. పాలకూర, టమాటా కలిపి వండితే కిడ్నీలో రాళ్లు వస్తాయని మన ఊళ్లలో చెప్పని పెద్దమనిషి లేడు. టమాటా పాపం ఏమీ చేయలేదు, దాంట్లో ఆగ్జలేట్ చాలా తక్కువ. పాలకూరలో మాత్రం వందల మిల్లీగ్రాములు. అనంతపురం ఎండలో చెమట పట్టి, నీళ్లు సరిగ్గా తాగక, ఒకసారి రాయి వచ్చినవాళ్లు పాలకూర తగ్గించుకోవాల్సిందే, టమాటా వేసినా వేయకపోయినా. మిగతావాళ్లకు వారానికి రెండుసార్లు పాలకూర పప్పు, ఆ పూటే పెరుగన్నం తింటే భయపడాల్సింది లేదు. పెరుగులోని కాల్షియం ఆగ్జలేట్‌ను కడుపులోనే పట్టేస్తుంది.

ఇక సోయా పిండి వంటింట్లో చేసే అల్లరి. మా పిన్ని కొడుకు పోయినసారి వెళ్తూ ఒక పెద్ద ప్యాకెట్ మోసుకెళ్లి మా అమ్మకిచ్చి, జొన్నపిండిలో సగానికి సగం కలుపు పెద్దమ్మా అని చెప్పి వచ్చాడు. అమ్మ చెప్పినట్టే కలిపింది. మరిగే నీళ్లు పోసి మెదిపితే జొన్నపిండి సాగాలి కదా, అది సాగలేదు. తడుతుంటే అంచులు పగిలి, చేతికి అతుక్కుని, పెనం మీద వేసేలోపు మూడు ముక్కలు. "ఇది తట్టేకే రాల్యా నాయనా, రొట్టెనా ఇది" అని ఫోన్‌లో నన్ను తిట్టింది, నేను ఇచ్చినట్టు! కారణం పెద్ద రహస్యమేం కాదు. వేడినీళ్లకు జొన్నలోని గంజిపదార్థం జిగురుగా మారి పిండిని పట్టి ఉంచుతుంది, సోయాలో ఆ గంజిపదార్థమే దాదాపు లేదు. ఆరు పిడికిళ్ల జొన్నపిండికి ఒక పిడికిలి సోయా అయితే రొట్టె వస్తుంది, పచ్చివాసన కూడా తెలియదు. వేయించని సోయా పిండిని మజ్జిగలో కలుపుకుని తాగేవాళ్లు మాత్రం ఆపేయండి. పచ్చి సోయాలో ప్రోటీన్ అరక్కుండా అడ్డుపడే పదార్థాలుంటాయి, బాగా వేడి తగిలితేనే అవి పోతాయి. కడుపు ఉబ్బరం ఊరికే రాదు. ఇంకొకటి, నూనె తీయని పిండిలో ఐదో వంతు నూనే, మే నెలలో అనంతపురం వంటింట్లో బయట పెడితే నెల తిరిగేసరికి ముక్కిపోయిన వాసన. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరూ చెప్పరు.

మగపిల్లల హార్మోన్ల భయం గురించి ఒక్క ముక్క: మగవాళ్ల మీద జరిగిన పరిశోధనలు కలిపి చూస్తే సోయా వల్ల మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. మన హాస్టళ్లలో మీల్ మేకర్ కూర తిని పెరిగినవాళ్లం ఎంతమందిమి లేము ఈ సంఘంలో? ఆ మీల్ మేకర్ నూనె తీసిన సోయా పిండితో చేసిందే.

అసలు నా గొడవ వేరే. ప్రోటీన్ కావాలన్న మాట సరైందే, ముఖ్యంగా పెద్దవాళ్లకు. 55 కిలోల మనిషికి రోజుకు 46 గ్రాములు ఉండాలంటారు, మన అమ్మలు తినే పిడికెడు సంగటి, నీళ్ల చారుతో అది రాదు. దానికి సోయా పిండే దిక్కు అన్నట్టు సూట్‌కేసుల్లో మోయడమే నాకు మింగుడు పడదు. ఉమ్మడి అనంతపురం జిల్లా చెనిక్కాయకు (వేరుశనగకు) పుట్టినిల్లులాంటిది, కరువు మీద కరువొచ్చినా మన రైతు వేసింది అదే. గుప్పెడు చెనిగ్గింజలు, అంటే 30 గ్రాములు, ఏడు గ్రాముల పైన ప్రోటీన్ ఇస్తాయి. ఊరిబిండిలో నూరుకుంటే తిన్నట్టే తెలియదు. కందిబ్యాళ్లు 40 గ్రాములు పప్పులో పడితే ఇంకో తొమ్మిది. ప్రోటీన్‌లో ఉండాల్సిన అమైనో ఆమ్లాల్లో ఒకటైన లైసీన్ జొన్నలో, రాగిలో తక్కువ, ఆ లోటును బ్యాళ్లు పూడుస్తాయి, సోయా చేసే పనీ అదే. నాణ్యతలో సోయా ప్రోటీన్ ఒక మెట్టు పైనే, కాదనను. కానీ మా అమ్మ రోజూ ఇష్టంగా తినేది పక్కన పెట్టి, ముక్కు మూసుకుని తినేదాన్ని ఎందుకు పెట్టాలి? చెనిక్కాయలో నూనె ఎక్కువ, బరువు తగ్గాలనుకునేవాళ్లు చూసుకోవాలి, అంతే.

ఆకు విషయంలోనూ అంతే. పాలకూర ఒక్కటే ఆకుకూర అయినట్టు మాట్లాడతారు. పాతూరు మార్కెట్లో ఆకుకూరలమ్మ ముందు కూర్చుంటే సిర్రాకు, మెంతాకు, మునగాకు, పుల్లకూర అన్నీ ఉంటాయి. కాల్షియం కోసమైతే నేను మెంతాకు, మునగాకు వైపే మొగ్గుతాను. ఇంకో సంగతి, అక్కడ పాలకూర అని అమ్మేదాంట్లో చాలావరకు బీట్‌రూట్ జాతి మొక్క, మనం ఇక్కడ డబ్బాల్లో కొనే బేబీ స్పినాచ్ వేరే మొక్క. ఒకే కుటుంబం కాబట్టి గుణాలు దగ్గర దగ్గరే, అయినా ఇక్కడి డబ్బా మీది అంకెలు చూసి అక్కడి కట్టకు అంటగట్టడం సరికాదు.

బీ12 ఈ రెండింట్లోనూ లేదు. శాకాహారులైన పెద్దవాళ్లు సోయా తిన్నా పాలకూర తిన్నా దానికోసం పాలు, పెరుగు, అవసరమైతే మాత్ర తప్పవు.

ఇంటికి ఫోన్ చేసి ఏదైనా తినమనే ముందు వాళ్లు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడగండి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే వేసుకునేవాళ్లకు సోయా దగ్గర దగ్గరగా తింటే మందు సరిగ్గా పట్టదు, కొన్ని గంటల ఎడం కావాలి. గుండె ఆపరేషన్ అయి రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు పాలకూరను ఒక వారం రోజూ తిని, ఇంకో వారం మానేయకూడదు, అందులోని విటమిన్ కే వల్ల మందు లెక్క తప్పుతుంది. ఎప్పుడూ తినేంతే తింటూ, పెంచాలన్నా తగ్గించాలన్నా డాక్టరుకు చెప్పాకే.