ముందొచ్చినవాళ్ల తరఫున ఒక మహజరు

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని ద్రాక్షతోట యజమాని మీద, అంటే దేవుడి మీదే, ఇది నా ఫిర్యాదు. పొద్దున్నే పనిలోకి దిగినవాళ్లకు ఒక దేనారం, అంటే ఒక రోజు కూలికి సరిపడే నాణెం. తొమ్మిదింటికి, మధ్యాహ్నానికి, మూడింటికి వచ్చినవాళ్లకూ ఒక దేనారమే. సాయంత్రం అయిదింటికి, ఇంకో గంటలో పని కట్టేస్తారనగా వచ్చినవాళ్లకూ అదే దేనారం. పగలంతా ఎండలో మాడిన నడుముకూ, చల్లబడ్డాక వచ్చి నాలుగు తీగలు సర్దిన నడుముకూ ఒకటే రేటు!

పొద్దున ఒప్పుకున్నది ఒక దేనారమే కదా, ఇచ్చాను కదా అంటాడు యజమాని. నిజమే, ఇచ్చాడు. మా బాధ కూడా అదే. లెక్క తప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకునేవాళ్లం.

అసలు తప్పు కూలిలో లేదు, పంచిన వరసలో ఉంది. చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టమని గృహనిర్వాహకుడికి పనిగట్టుకుని చెప్పాడాయన. ముందొచ్చినవాళ్లకు ముందే ఇచ్చి పంపేస్తే ఏ గొడవా లేదు. దేనారం నడికట్టులో దోపుకుని హాయిగా ఇంటికి పోయేవాళ్లు, కంటినిండా నిద్రపోయేవాళ్లు. అలా కాకుండా వాళ్లను ఎదురుగా నిలబెట్టి, అయిదింటి బాపతువాడి అరచేతిలో దేనారం పడటం చూపించాడు. ఆ అరచేతికి మట్టి కూడా సరిగ్గా అంటలేదు. అంతే, తెల్లవారుజామున నిండు కూలి అనిపించిన దేనారం పొద్దుగూకేసరికి ముష్టి అయిపోయింది. నాణెం అరగలేదు, తరగలేదు. పక్కవాడికీ దొరికింది, అదే దానికొచ్చిన రోగం.

కాబట్టి మేం కోరే సవరణ ఇది: దేవుడు ఉదారంగా ఇవ్వదలిస్తే చాటుగా ఇవ్వాలి.

గిట్టనివాళ్లు ఇక్కడొక మెలిక పెడుతున్నారు. గొణిగిన కూలీలు "మాకింకో దేనారం వెయ్యండి" అనలేదట, "మాతో వారిని సమానము చేసితివే" అన్నారట. అంటే వాళ్లకు కావలసింది తమకు ఎక్కువ రావడం కాదు, అవతలివాడికి తక్కువ పడటమేనట. ఈ వ్యాఖ్యానాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఎక్కువిస్తే మేం వద్దనం. రెండింట్లో ఏదో ఒకటే కోరుకోమంటే మాత్రం కాస్త వ్యవధి కావాలి.

పైగా మాది ఒంటరి గొంతు కాదు. లూకా సువార్త 15లో, తప్పిపోయిన కొడుకు కథలోని పెద్దకొడుకు ఉన్నాడు. తనకెన్నడూ మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రిని నిలదీశాడు. అంతకుముందు ఎప్పుడైనా అడిగాడా అంటే ఆ దాఖలా లేదు. ఆస్తి తగలేసి వచ్చిన తమ్ముడికి కొవ్విన దూడను కోశాకే ఆ మేకపిల్ల గుర్తొచ్చింది. ఇక మా అసలు గురువు యోనా ప్రవక్త. దేవుడు పంపితే వెళ్లి, నీనెవె పట్టణం నాశనమవుతుందని ప్రకటించాడు. ఊరు మారింది, దేవుడు క్షమించాడు. యోనాకు మండిపోయింది. "నువ్వు జాలిగలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే ఇక్కడికి రాకుండా తర్షీషుకు పారిపోదామనుకున్నాను" అని, ఊరు ఏమవుతుందో చూడటానికి ఊరికి తూర్పున పందిరి వేసుకుని కూర్చున్నాడు. మంచితనాన్నే నేరంగా మోపిన ఇంత నిజాయితీగల ఫిర్యాదు నేనింకోటి చూడలేదు.

నా సంగతీ చెప్పాలి. ముప్పై ఏళ్లుగా మా సంఘంలో ముందు బెంచీ నాది. కిందటి నెల బాప్తిస్మం తీసుకున్న కుర్రాడి చేత మొన్న ఆరాధనలో ప్రార్థన చేయించారు. బాగా చేశాడు. చెడగొట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కళ్లు మూసుకోమన్నారు గానీ, నేను ఒక కన్ను తెరిచే ఉంచాను, ఎవరెవరు కళ్లు తుడుచుకుంటున్నారో చూద్దామని.

యజమాని చివర్లో ఒక ప్రశ్న వేశాడు: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గ్రీకు మూలంలో ఉన్నది "నీ కన్ను చెడ్డదా" అని. మన అనువాదకులు జబ్బును కంటి నుంచి కడుపులోకి మార్చారు. రెండుచోట్లా పరీక్ష చేయించుకున్నాను, ఫలితం ఇక్కడ అప్రస్తుతం. కూలివాడు ఏమని జవాబిచ్చాడో మత్తయి రాయలేదు. పెద్దకొడుకు విందులోకి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. యోనా గ్రంథమైతే దేవుడి ప్రశ్నతోనే ఆగిపోయింది. అందుకే అందరి తరఫునా ఈ మహజరు నేనే రాశాను.

సంతకాలు వచ్చిన వరసలోనే పెట్టాలి. మొదటిది నాది. ఆలస్యంగా వచ్చినవాళ్లు కిందెక్కడైనా, కొంచెం చిన్న అక్షరాలతో పెట్టగలరు.